మా ఆదివారం ప్రసంగాలు: టెడ్ మీద ఒక స్టెనోగ్రాఫర్ రివ్యూ

కోర్టులో స్టెనోగ్రాఫర్‌గా పనిచేస్తాను. ఎదుటివాళ్లు మాట్లాడింది మాట్లాడినట్టు కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి అదే పని చేసేసరికి ఒక అలవాటు ఒంటబట్టింది. ఎవరి ప్రసంగమైనా బాగుందనిపిస్తే దాన్ని అక్షరాల్లో చూసేదాకా మనసు ఊరుకోదు. గొంతులో ఎత్తుపల్లాలు, చేతులు ఊపడం, చప్పట్ల కోసం ఆగడం తీసేశాక మిగిలేదే ఆ మనిషి చెప్పిన విషయం.

టెడ్ అంటే రకరకాల రంగాలవాళ్ల చిన్న ప్రసంగాలను ఉచితంగా అందరికీ అందించే సంస్థ. దాని వెబ్‌సైట్‌నీ యాప్‌నీ నేను ఇంతగా వాడటానికి కారణం ఇదే. అక్కడ దాదాపు ప్రతి ప్రసంగంతోపాటు దాని మాటలు మొత్తం రాసి ఉంటాయి. ట్రాన్‌స్క్రిప్ట్ అని ఉన్నచోట నొక్కితే మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదువుకోవచ్చు. అందులో ఏ వాక్యం మీద వేలు పెడితే వీడియో అక్కడి నుంచి మొదలవుతుంది. నలుగురు కూర్చుని ఒక ప్రసంగం గురించి మాట్లాడుకోవాలంటే ఇంతకంటే పనికొచ్చే ఏర్పాటు నాకు మరొకటి కనపడలేదు. ‘ఆయన అలా అనలేదు’, ‘అన్నాడు, నేను విన్నాను’ అనే గొడవ అర నిమిషంలో తేలిపోతుంది. అదే మా కోర్టులో సాక్షి ఏమన్నాడో చూడాలంటే మేం ఫైలు తెప్పించుకుని కాగితాలు తిరగేయాలి.

ఇది ఒంటరిగా చూసేవాళ్ల కోసం రాస్తున్న రివ్యూ కాదని ముందే చెప్పేస్తున్నా. ఇంట్లోవాళ్లతోనో స్నేహితులతోనో తమకు నచ్చిన ప్రసంగాలు పంచుకుని, వాటి గురించి నిజంగా మాట్లాడుకోవాలనుకునే వాళ్లకు టెడ్ ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ చూస్తున్నాను.

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో స్ఫూర్తినిచ్చే ప్రసంగాలకు ఎప్పుడూ కొదవ లేదు. తెల్లారకముందే ఎవరో ఒకరు పంపుతారు. రెండు నిమిషాల ముక్క, వెనకాల వయొలిన్, కింద పసుపు రంగు అక్షరాలు. మాట్లాడేది ఎవరో, ఎక్కడ మాట్లాడారో, దానికి ముందూ వెనకా ఏం చెప్పారో ఏమీ ఉండదు. నాలుగు దండాల బొమ్మలు పడతాయి, అంతటితో సరి. పంపినవాళ్లయినా పూర్తిగా చూశారో లేదో తెలియదు. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉండేది. ఒక మనిషి జీవితమంతా పెట్టి తెలుసుకున్నది చెబుతుంటే, దాన్ని గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య వదిలేయడం ఏం న్యాయం?

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. వారానికి ఒక్కటే ప్రసంగం, ఎంచుకునే వంతు ఒక్కొక్కరిది. గురువారం లింకు వస్తుంది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు గూగుల్ మీట్‌లో కలుస్తాం. డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి అది పొద్దుటి కాఫీ వేళ. రూలు ఒకటే: ప్రతి ఒక్కరూ ట్రాన్‌స్క్రిప్ట్‌లోంచి తమను పట్టుకున్న ఒక వాక్యం తీసుకుని రావాలి. ‘చాలా బాగుంది’ అంటే చెల్లదు.

ఈ పద్ధతికి టెడ్ బాగా అతుకుతుంది. 1984లో కాలిఫోర్నియాలో ఒక సదస్సుగా మొదలైంది. చాలాకాలం అది ఖరీదైన టికెట్టు కొనుక్కోగలిగినవాళ్లకే. 2001లో మీడియా వ్యాపారి క్రిస్ ఆండర్సన్ చేతికి వచ్చాక, 2006 జూన్‌లో ప్రసంగాలను ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ఒక్కో ప్రసంగానికి పరిమితి 18 నిమిషాలు. కొన్ని అటూఇటూ అవుతాయి గానీ చాలావరకు ఆ లోపే. ఎంతసేపు ఉండాలో చెప్పి వెతుక్కునే వీలు కూడా ఉంది. మా పెద్దమ్మకు చాగంటి గారి ప్రవచనం రెండు గంటలైనా కదలకుండా వినే ఓపిక ఉంది. మా మేనల్లుడికి అర నిమిషం దాటితే వేలు దానంతటదే పైకి జరుగుతుంది. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టగలిగింది ఆ 18 నిమిషాల లెక్కే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టెడ్ ప్రసంగాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. వ్యాపారానికి కాకుండా, పేరు చెప్పి, ఉన్నది ఉన్నట్టుగా ఎవరికైనా పంచుకోవచ్చు. ముక్కలు కోసి వయొలిన్ కలపడానికి మాత్రం ఆ లైసెన్సు ఒప్పుకోదు. ఈ ఒక్క షరతు కోసమే నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

మాటలతో చెబితే తేలదు గానీ, మా ఇంట్లో ఒక ఆదివారం ఎలా గడిచిందో చెబుతాను. ఆ వారం చెల్లెలు హాన్స్ రోస్లింగ్ ప్రసంగం పంపింది. స్వీడన్ డాక్టరు, గణాంకాలను కథలా చెప్పడంలో ఆయనకు సాటి లేదు. 2017లో పోయారు. ఇది 2010లో వాషింగ్ మెషీన్ గురించి మాట్లాడింది, తొమ్మిది నిమిషాలే. ఆయనకు నాలుగేళ్లప్పుడు ఇంటికి మొదటి వాషింగ్ మెషీన్ వచ్చింది. అది చూడటానికి వాళ్ల నాయనమ్మను పిలిచారు. జీవితమంతా కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి, ఏడుగురు పిల్లల బట్టలు చేత్తో ఉతికిన మనిషి ఆవిడ. మెషీన్ బటన్ తనే నొక్కుతానంది. నొక్కి, కుర్చీ వేసుకుని, అది ఆగేదాకా దానివంకే చూస్తూ కూర్చుంది. బట్టలు మెషీన్‌లో వేశాక వాళ్లమ్మ, ఇక లైబ్రరీకి వెళ్దాం పద అని కొడుకును తీసుకెళ్లింది. చివర్లో ఆయన స్టేజీ మీదున్న మెషీన్ తలుపు తెరిచి అందులోంచి పుస్తకాలు బయటికి తీస్తారు.

పెద్దమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంగ్లిష్ అంతగా రాదు. ఆమె కోసం నేను ట్రాన్‌స్క్రిప్ట్ ముందు పెట్టుకుని తెలుగులో చదివి వాయిస్ మెసేజ్ పంపుతాను, తర్వాత ఆమె వీడియో చూస్తుంది. ఆ రోజు మేమంతా లైబ్రరీ వాక్యమే పట్టుకొచ్చాం. అందరం దాన్నే మెచ్చుకుంటున్నాం. పెద్దమ్మ మాత్రం ‘చేత్తో ఉతికింది’ అన్న ముక్క దగ్గర ఆగింది.

“మా అత్తగారింట్లో దుప్పట్లు, పంచెలు మేం ఉతికామా ఏంటే? రేవుకు మోసుకెళ్లి, బానలో ఉడకేసి, బండకేసి బాదింది నాగమ్మ. ఎండాకాలం కాలువలు కట్టేస్తే బావి దగ్గర తోడుకుని ఉతికేది. కోతలయ్యాక ఇన్ని వడ్లు కొలిచేవాళ్లం. ఆవిడ చేతులు ఎట్లా ఉండేవో నాకిప్పటికీ గుర్తే. ఇంట్లోకి మెషీన్ వచ్చాక సుఖం నాకొచ్చింది. ఆవిడకు ఏమొచ్చింది?”

బాబాయి వెంటనే అందుకున్నాడు. నాగమ్మ మనవరాలు తను పాఠాలు చెప్పిన బడిలోనే చదివిందని, ఇప్పుడు సచివాలయంలో ఉద్యోగం చేస్తోందని చెప్పాడు. “అది చదువు వల్ల వచ్చింది వదినా, మెషీన్ వల్ల కాదు” అన్నాడు. చెల్లెలు ఒప్పుకోలేదు. మనవరాలు రేవుకు వెళ్లాల్సిన అవసరం తప్పింది కాబట్టే బడికి రాగలిగింది అంది. మేనల్లుడు ట్రాన్‌స్క్రిప్ట్‌లో వెతికి ఇంకో చోటు చూపించాడు. కారు వాడనివాళ్లు చేతులెత్తండి అని రోస్లింగ్ తన విద్యార్థులను అడిగితే కొందరు గర్వంగా ఎత్తారట. జీన్స్ ప్యాంట్లు, దుప్పట్లు చేత్తో ఉతుక్కునేవాళ్లు ఎవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదట. పెద్దమ్మ అది రెండుసార్లు చదివించుకుంది. “ఈయనకు తెలుసు” అంది. ఆమె మరో మాట కూడా అంది. మెషీన్ వచ్చాక బట్టలు మాసిపోవడం పెరిగిందని, పూట వేసుకున్నది కూడా అందులో పడేస్తున్నారని, ఆరేసేదీ మడతలు పెట్టేదీ మాత్రం ఇంకా ఆడవాళ్లేనని. దాని మీద మరో అరగంట నడిచింది.

తొమ్మిది నిమిషాల ప్రసంగం మా చేత దాదాపు గంటన్నర మాట్లాడించింది. పెద్దమ్మ నాగమ్మ గురించి అన్నాళ్లలో ఎప్పుడూ మా దగ్గర ఎత్తలేదు. స్ఫూర్తి అంటే నాకు తెలిసింది ఇదే, విన్నది మన ఇంట్లోకి వచ్చి ప్రశ్న అడగాలి.

బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన వంతు వచ్చినప్పుడు సుగతా మిత్రాను ఎంచుకున్నాడు, కావాలని పోట్లాడటానికే. 1999లో ఢిల్లీ కల్కాజీలో ఆఫీసు గోడకు కన్నం పెట్టి అవతలి మురికివాడ పిల్లల కోసం కంప్యూటర్ అమర్చిన ఆయన. 2013లో టెడ్ బహుమతి, పది లక్షల డాలర్లు, ఆయనకే ఇచ్చారు. మేం చూసింది 2010 నాటి ప్రసంగం. మన హైదరాబాద్ పిల్లల ముచ్చట ఒకటి అందులో ఉంది. మాట్లాడితే టైపు చేసే కంప్యూటర్ ముందు వాళ్లు తెలుగు యాసతో ఇంగ్లిష్ మాట్లాడితే అది ఏదేదో టైపు చేసిందట. దానికి అర్థమయ్యేలా మాట్లాడటం మీరే నేర్చుకోండి అని ఆయన రెండు నెలలు వదిలేసి వెళ్తే, తిరిగొచ్చేసరికి పిల్లల ఉచ్చారణే మారిపోయిందట.

బాబాయిని కదిలించింది అది కాదు, దక్షిణాదిలోని కాళికుప్పం అనే పల్లె కథ. అక్కడి తమిళ పిల్లలకు ఇంగ్లిష్‌లో ఉన్న బయోటెక్నాలజీ పాఠాలు కంప్యూటర్‌లో పెట్టి వదిలేశారు. మొదట సున్నా వచ్చిన మార్కులు 30 శాతానికి వెళ్లాయి. తర్వాత, ఆ సబ్జెక్టు ఏమీ తెలియని 22 ఏళ్ల అకౌంటెంట్ అమ్మాయిని వాళ్ల వెనకాల నిలబడి మెచ్చుకుంటూ ఉండమన్నారు. మార్కులు 50 శాతానికి చేరాయి. ఇక్కడ బాబాయి వీడియో ఆపించాడు. “పంతులు అక్కర్లేదని చెప్పడానికి ఈ కథ చెబుతున్నాడు. నాకు వినిపించింది వేరే. 30 నుంచి 50కి ఎవరు తీసుకెళ్లారు? వెనకాల నిలబడి, ‘అబ్బో, ఇదెట్లా చేశారు’ అని అడిగిన మనిషి. నేను సర్వీసంతా చేసింది అదే” అన్నాడు. తర్వాతి వారం చెల్లెలు దీని గురించి ఇంకాస్త చదివొచ్చింది. ఉత్తరాఖండ్‌లో ఇలాంటి కంప్యూటర్లు పెట్టిన రెండు చోట్లకు వెళ్లిన పాయల్ అరోరా అనే పరిశోధకురాలు, అవి వాడకంలో లేకుండా పోయాయని 2010లో రాశారట. ప్రసంగంలో ఆ మాట ఉండదు కదా. ఎంత గొప్ప ప్రసంగమైనా ఒకవైపు మనిషి చెప్పిందే. అవతలి వైపు వెతుక్కోవడం వినేవాళ్ల పని.

ఈ విషయంలో టెడ్ చేసిన ఒక మంచి పని చెప్పాలి. మేనల్లుడు ఇంటర్వ్యూల టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎమీ కడ్డీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రసంగం పంపాడు. 2012లోది, కోట్లమంది చూశారు. రెండు నిమిషాలు ఛాతీ విరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే ఒంట్లో హార్మోన్లే మారతాయని, ధైర్యం వస్తుందని ఆమె చెబుతారు. వెబ్‌సైట్‌లో ఆ ప్రసంగం పేజీలోనే, ఇందులో చెప్పిన కొన్ని ఫలితాల మీద శాస్త్రవేత్తల్లో చర్చ నడుస్తోందని ఒక గమనిక పెట్టారు. అసలు పరిశోధన 42 మంది మీద చేసింది. 2015లో మరో బృందం 200 మంది మీద చేసి చూస్తే హార్మోన్ల మార్పు కనపడలేదు, ధైర్యంగా అనిపించిందని మాత్రం ఆ మనుషులు చెప్పారు. 2016లో మొదటి పరిశోధనలో కలిసి పనిచేసిన డేనా కార్నీయే, ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. మేనల్లుడు ఇదంతా విని, “అనిపించడం చాలు అత్తా, నాకు కావాల్సింది అదే” అన్నాడు. అది తెలిసి తీసుకున్న నిర్ణయం. వాట్సాప్ ముక్కలో ఆ గమనిక వాడి దాకా వచ్చేది కాదు.

అన్నీ ఇంట్లో అందరితో చూసేవి కావు. హైదరాబాద్‌లో ప్రజ్వల సంస్థ నడుపుతున్న సునీతా కృష్ణన్ 2009 నవంబరులో మైసూరులో జరిగిన టెడ్‌ఇండియాలో మాట్లాడారు. అమ్మాయిల అక్రమ రవాణా గురించి. అది పిల్లలను పక్కన పెట్టుకుని చూడొద్దు. పెద్దవాళ్లు మాత్రం తప్పకుండా చూడండి. తనను కొట్టినవాళ్ల కంటే, బయటపడిన అమ్మాయిలను తమలో కలుపుకోలేని మనలాంటి మర్యాదస్తులే తనకు పెద్ద అడ్డంకి అంటారామె. సాయం చేసే స్నేహితురాలే, తన తల్లిని చూసుకోవడానికి మనిషి కావాలని అడిగి, మీ అమ్మాయిల్లో ఎవరూ వద్దు అందని చెబుతారు. మా గ్రూపులో ఆ వారం ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. చర్చ జరగనందుకు నాకేం అసంతృప్తి లేదు.

ఇక లోటుపాట్లు. అన్నిటికంటే పెద్దది తెలుగు. 2009 నుంచి స్వచ్ఛందంగా అనువదించేవాళ్లతో టెడ్ ఒక పథకం నడుపుతోంది. వందకు పైగా భాషల్లో సబ్‌టైటిల్స్ వచ్చాయి. ఒకరు అనువదిస్తే ఇంకొకరు సరిచూస్తారు, ఎవరికీ జీతం ఉండదు. తెలుగులోనూ ఉన్నాయి గానీ, పెద్దమ్మకు చూపిద్దామని వెతికిన ప్రతిసారీ దొరకదు. దొరికినవాటిలో కొన్ని హాయిగా సాగుతాయి, కొన్ని పాఠ్యపుస్తకం చదువుతున్నట్టుంటాయి. ఇందులో టెడ్‌ను తప్పుపట్టేందుకు పెద్దగా ఏమీ లేదు, చేయాల్సింది మనవాళ్లే. ఇంగ్లిష్, తెలుగు రెండూ బాగా వచ్చి, సాయంత్రాలు ఖాళీగా ఉండే రిటైరైన మాస్టార్లు, లెక్చరర్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! మా బాబాయిని ఇందులో దించాలని గట్టిగా పట్టుబట్టి ఉన్నాను.

రెండోది, వరసగా చూస్తే ఒక అచ్చు కనపడటం మొదలవుతుంది. చిన్నప్పటి సంఘటన, చిన్న నవ్వు, తెర మీద ఒక లెక్క, గొంతు కాస్త వణకడం, చివర్లో అందరూ లేచి చప్పట్లు. అచ్చు ఒకటే అయినా సరుకు ఉన్నది ఏదో, లేనిది ఏదో ట్రాన్‌స్క్రిప్ట్ చదివితే తెలిసిపోతుంది. రోస్లింగ్ మాటలు కాగితం మీద కూడా అంతే బలంగా ఉంటాయి. కొందరివి మూడో పేరాకే పలచబడతాయి.

టెడ్‌ఎక్స్ అని పేరున్నవి వేరు. అవి లైసెన్సు తీసుకుని ఊరూరా స్థానికులు సొంతంగా జరుపుకునే సభలు. 2010లో హ్యూస్టన్‌లో బ్రెనే బ్రౌన్ అనే పరిశోధకురాలు మాట్లాడిన గొప్ప ప్రసంగం అలాంటి సభలోదే. కానీ అన్నీ ఆ స్థాయిలో ఉండవు, పేరు చూసి నమ్మేయొద్దు.

బడిపిల్లలు ఉన్న ఇళ్లకు టెడ్-ఎడ్ బాగుంటుంది. ఐదారు నిమిషాల బొమ్మల పాఠాలు, వెంట ప్రశ్నలు కూడా ఉంటాయి. దాని గురించి విడిగా రాయాల్సినంత ఉంది, ఇక్కడ వదిలేస్తున్నా.

యూట్యూబ్‌లోనూ ఇవే ప్రసంగాలు దొరుకుతాయి కదా అంటే, దొరుకుతాయి. కానీ ఒకటి అయ్యేలోపు పక్కన ఇంకో పది పిలుస్తుంటాయి. నలుగురికి పంపేటప్పుడు వెబ్‌సైట్ లింకే పంపండి, ట్రాన్‌స్క్రిప్ట్ దాంతోపాటే వెళ్తుంది. డబ్బు కట్టాల్సిన పని లేదు. పెద్దవాళ్లకు ఫోన్‌లో సబ్‌టైటిల్స్ చదవడం కష్టం, ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపేయండి.

నా లెక్కలో అయిదుకు నాలుగు. తగ్గించిన ఒక్కటీ తెలుగు కోసం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వాషింగ్ మెషీన్‌తో మొదలుపెట్టండి, ఇంట్లో అరవై దాటిన ఆడవాళ్లు ఉంటే మరీ మంచిది, వాళ్లను ముందు మాట్లాడనివ్వండి. రెండో వారం సుగతా మిత్రా, ఆ రోజు ఒక టీచరును పిలవండి. ఈ వారం వంతు పెద్దమ్మది. తను చెప్పిన ప్రసంగం టెడ్‌లో లేదు, గరికపాటి గారిది. రూలు ప్రకారం వాక్యం తేవాలి కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్ నేనే రాస్తున్నాను, సగమైంది.